తెల్లమేడ మీద గొంతు

చీకటి పడ్డాక తెల్లమేడ ముందునుంచి ఎవరూ వెళ్ళేవారు కాదు.

విశాఖపట్నంలో లాసన్స్ బే దాటి, సముద్రాన్ని ఆనుకుని రుషికొండ వైపు పోయే బాటలో ఉండేది ఆ మేడ. అప్పటికింకా ఆ బాట సగం తారు, సగం ఇసక. ఒకవైపు సరుగుడు తోట, ఒకవైపు రాళ్ళ మీద పగిలే కెరటాలు, మధ్యలో ఒంటరిగా ఆ రెండంతస్తుల మేడ. మేడగలవాళ్ళు కలకత్తాలో ఎక్కడో ఉంటారని చెప్పుకునేవారు.

పగలు చూస్తే భయపడడానికి ఏమీ లేదు. ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడలు, తుప్పు పట్టిన గేటు, బయటనుంచే పైకి పోయే మెట్లు. మెట్లకి పిట్టగోడ కూడా లేదు. అంతే.

రాత్రయితేనే... పైనుంచి ఎవరో పిలిచేవారు.

ఆడగొంతు. మెత్తగా, దగ్గరగా, ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నట్టు —

"వచ్చారా...? నెమ్మదిగా రండి. నేనిక్కడే ఉన్నాను."

ఉత్త ఆడగొంతే అయితే ఊరు అంత హడలిపోయేది కాదేమో. హడలిపోవడానికి కారణం వేరే ఉంది. ఆ గొంతు ఊరందరికీ తెలుసు! ఆ మాటలూ తెలుసు! సినిమా హాల్లో కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, ఒకటికి పదిసార్లు విన్న గొంతది.

డెబ్భై ఎనిమిదిలో విశాఖపట్నంలోనే తీశారు ఆ సినిమా. దానికో పేరుంది గాని, ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు — బీచ్ సినిమా అనేవారు. చదువైపోయి ఉద్యోగం రాని కుర్రాడొకడు. పోర్టులో ఉద్యోగం వచ్చిందని ఇంట్లో అబద్ధం చెప్పి, రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బీచికి పోయి పడవ నీడన కూర్చుంటాడు. టైపు క్లాసుకని చెప్పి ఒక పిల్ల వచ్చి అదే పడవకి అవతలి వైపు కూర్చుంటుంది. ఇద్దరూ దొంగలే. ఒకళ్ళనొకళ్ళు పట్టుకుంటారు, దెబ్బలాడుకుంటారు, క్యారేజీలు మార్చుకుని తింటారు. ఫైట్లు లేవు, విలనూ లేడు. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే గొంతుకేదో అడ్డం పడే సినిమా. ఆఖర్న ఆ కుర్రాడు నిజం చెప్పడానికి రాత్రిపూట ఆ పిల్ల ఇంటికొస్తాడు. కరెంటు ఉండదు. మెట్ల పైన లాంతరు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల అనే మాటే అది. వచ్చారా, నెమ్మదిగా రండి, నేనిక్కడే ఉన్నాను.

ఆ మెట్లు తెల్లమేడ మెట్లే.

సినిమాలో వేసిన హీరోయిను బొంబాయిలో నిక్షేపంలా ఉంది. మరి ఆ గొంతుతో పిలిచేదెవరు?

షూటింగు చూడ్డానికొచ్చిన గుంటపిల్ల ఒకతి కెరటాల్లో పోయిందనీ, అదే ఆ మాట పట్టుకుని తిరుగుతోందనీ అనేవారు. చేపల కాసులమ్మ ఓ రాత్రి ఆ పిలుపు విని గంప అక్కడే వదిలేసి పరుగెత్తి, మూడు రోజులు మంచం దిగలేదు. మెడికల్ కాలేజీ కుర్రాడొకడు పందెం కాసి స్కూటరు మీద వెళ్ళాడు. స్కూటరు సరుగుడు తోటలో దొరికింది. కుర్రాడు వాళ్ళ ఊరు వెళ్ళిపోయి ఆ ఏడు పరీక్ష కూడా రాయలేదు.

విన్నవాళ్ళంతా పారిపోయినవాళ్ళే. ఆగి చూసినవాడు లేడు.

ఒక్క సన్యాసిరాజు తప్ప. అతను కూడా కావాలని ఆగలేదు.

సన్యాసిరాజుది స్టీలు ప్లాంటు కోసం తీసేసిన ఊరు. ఇల్లూ పొలమూ పోయాక, ప్లాంటులో ఉద్యోగం ఇస్తారన్న ఆశతో పట్నం వచ్చి, ఆ ఉద్యోగం వచ్చేలోగా పూర్ణా మార్కెట్టు దగ్గరి ఒక సినిమా హాల్లో పనికి కుదిరాడు. ఎనభై నాలుగులో ఆ హాల్లో బీచ్ సినిమా మళ్ళీ వేశారు. ఉన్నది ఒకటే ప్రింటు. అదే ప్రింటు ఎండాడ దగ్గరి టూరింగు టాకీసులో కూడా ఆడాలి. ఇక్కడ ఆడిన రీళ్ళు అక్కడికి, ఆట మధ్యలోనే, రేకుపెట్టెలో పెట్టి సైకిలు మీద తీసుకెళ్ళడం సన్యాసిరాజు పని. రీళ్ళు వేళకి అందకపోతే అక్కడ నేల టిక్కెట్టువాళ్ళు డేరా పీకేస్తారు.

ఎప్పుడూ ఊళ్ళోంచి, హనుమంతవాక మీదుగా వెళ్ళేవాడు. దూరమైనా సరే. తెల్లమేడ బాట తొక్కనని హాల్లో చేరిన రోజే చెప్పేశాడు.

సినిమా అంటే మాత్రం ప్రాణం. మెషీన్ రూములో నిలబడి ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఏ రీల్లో ఎవరు ఏ మాటంటారో, ఏ మాట తర్వాత ఎవరు దగ్గుతారో కూడా తెలుసు. చూసి చూసి, ఆ సినిమాలోలాగే ఓ పిల్లని ప్రేమించాడు. పిల్ల పేరు గౌరీశ్వరి. అదే హాల్లో ఆడవాళ్ళ కౌంటర్లో టిక్కెట్లిస్తుంది. మేనేజరు శ్రీరామ్మూర్తిగారి ఒక్కగానొక్క కూతురు.

ప్రేమించడం వరకూ బాగానే ప్రేమించాడు. ఆ మాట శ్రీరామ్మూర్తిగారితో చెప్పమంటేనే... ఏదో పని గుర్తొచ్చి మెషీన్ రూములో దూరేవాడు.

ఆ సాయంత్రం ఆట మొదలయ్యే ముందు కరెంటు పోయింది. చీకట్లో కౌంటరు కంతలోంచి గౌరీశ్వరి గుసగుసగా పిలిచింది.

"ఇటు రా. రేపు పెళ్ళివోరొస్తన్నారు. అనకాపల్లినించి."

సన్యాసిరాజు కంతకి దగ్గరగా వంగాడు. "మరి... మీ నాన్నగారికి నువ్వే సెప్పీరాదేటి?"

"నా వంతు నాను సెప్పీసినాను, ఈ సంబంధం వొద్దని. అబ్బాయెవరే అని అడుగుతన్నారు. ఏటి సెప్పమంతావు? నోరిప్పలేని మనిసిని మనసుపడ్డానని సెప్పనా?"

"అది కాదు గౌరీ..."

"పొద్దున్నే ఇంటికి రా. వాళ్ళొచ్చీలోగానే రా. వొచ్చి మాటాడు. రానేదనుకో —"

ఎవరో ఇద్దరాడవాళ్ళు టిక్కెట్లకి వచ్చారు. గౌరీశ్వరి మిగతా మాట మింగేసి చిల్లర లెక్కపెట్టింది.

కరెంటు వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. ఆట ఆలస్యంగా మొదలై, ఆఖరి విడత రీళ్ళు ఆలస్యంగా చేతికొచ్చాయి. శ్రీరామ్మూర్తిగారు గుమ్మంలోనే అందుకున్నాడు.

"ఒరే సన్యాసీ, ఇయాల సుట్టూ తిరిగెల్తే అందుకోలేవు. బీచి బాటన ఎల్లిపో."

"బాబూ... తెల్లమేడ..."

"తెల్లమేడా లేదు, నల్లమేడా లేదు. డేరా పీకీసినారంటే నీ సేత కుట్టిస్తాను. ఎల్లు!"

ఈ మనిషి ముందా రేపు పొద్దున్న నిలబడి మాట్లాడాలి! సన్యాసిరాజు పెట్టె కేరేజీకి కట్టి, సైకిలెక్కాడు.

లాసన్స్ బే దాటేవరకూ ఫర్వాలేదు. అక్కడక్కడ దీపాలున్నాయి, మనుషులున్నారు. ఆ తర్వాత దీపాలు ఆగిపోయాయి. చంద్రుడు లేడు. ఎడమపక్క సరుగుడు తోట ఊళ వేస్తోంది. కుడిపక్క సముద్రం... కనిపించదు, రొద మాత్రం మీద మీదకి వస్తుంది.

తల వంచుకుని తొక్కుతున్నాడు. తెల్లమేడ వచ్చేసరికి కళ్ళు మూసుకుని దాటేద్దామనుకున్నాడు.

అదిగో... చీకట్లో ఇంకో చీకటిలా, మేడ.

కళ్ళు మూసుకున్నాడు. బలమంతా పెట్టి తొక్కాడు —

కరకరమంది. పెడలు గిర్రున తిరిగిపోయింది.

గొలుసు ఊడిపోయింది.

సైకిలు ఇసకలో కూరుకుని ఆగింది. కళ్ళు తెరిచి చూస్తే, సరిగ్గా గేటు ముందు.

కింద కూర్చుని గొలుసు తడుముకున్నాడు. పళ్ళచక్రం ఏదో, గొలుసు ఏదో తెలియడం లేదు. ఎక్కించబోతే జారిపోతోంది. మళ్ళీ ఎక్కించాడు... మళ్ళీ జారింది.

"వచ్చారా...?"

చేతిలో గొలుసు చేతిలోనే ఉండిపోయింది.

"నెమ్మదిగా రండి. నేనిక్కడే ఉన్నాను."

అదే గొంతు! అనుమానం లేదు. ఆఖరి రీల్లో, లాంతరు వెలుగులో వినిపించే గొంతు. ఆ రీలు ఇప్పుడు తన కేరేజీ మీదే, పెట్టెలో ఉంది. ఒక్క క్షణం అతనికి మతిపోయి, పెట్టెలోంచే వస్తోందేమోనని రేకుకి చెవి ఆనించాడు.

పెట్టె చల్లగా ఉంది. లోపల చప్పుడు లేదు.

సినిమాలో అయితే ఈ మాటతో సరి. తర్వాత మాటల్లేవు, పాట వస్తుంది. ఆ సంగతి అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇక ఏమీ వినిపించదు... అయిపోయింది... అనుకుంటూ ఊపిరి బిగబట్టాడు.

పైనుంచి మళ్ళీ —

"ఇవాళ గాలి ఎక్కువగా ఉంది. గోడవారగా రండి."

ఈ మాట సినిమాలో లేదు.

సినిమా మాట పలికేది సినిమా దెయ్యం అనుకోవచ్చు. కానీ ఇది... ఇవాళ్టి గాలి సంగతి మాట్లాడుతోంది. అంటే చూస్తోంది. ఇప్పుడు, ఈ చీకట్లో, తన వైపే...

పరుగెత్తాలి. కాని పెట్టె? అక్కడ డేరాలో జనం... పెట్టె వదిలేసి పోతే రేపు శ్రీరామ్మూర్తిగారి ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? సైకిలు వదల్లేకపోయాడు. అడుగు వెయ్యలేకపోయాడు.

టక్.

తోటలోంచి... వెనకనుంచి.

టక్... టక్...

నేల మీద ఏదో కొట్టుకుంటూ వస్తోంది. చెట్ల మధ్య తెల్లగా ఏదో కదిలింది. పొడుగ్గా ఉంది. తిన్నగా అతని వైపే వస్తోంది. నాలుగడుగుల దూరంలో ఆగింది.

"ఎవలది?"

మగగొంతు. ముసలి గొంతు.

సన్యాసిరాజు సైకిలు చాటుకి జరిగాడు.

"ఎవలో ఉన్నారు. ఊపిరి ఇనబడతంది. బేటా... బయపడకు. నాను మనిసినే. గఫూర్ని."

తెల్లలుంగీ, తెల్లచొక్కా, నెత్తిన తెల్లటోపీ, చేతిలో వెదురుకర్ర. అరవై దాటిన మనిషి. మొహం అతని వైపే ఉంది గాని, చూపు మాత్రం అతని పక్కనుంచి ఎటో పోతోంది. గుడ్డివాడు.

సన్యాసిరాజు ఇసకలో కూలబడిపోయాడు. "బాబాయ్... పైన... పైనించి ఎవలో పిలిసినారు. ఇన్నావా?"

"ఇన్నాను." ముసలాయన నవ్వాడు. "నన్నే పిలిసింది. మా బీబీ."

"నీ... పెళ్ళామా?"

"ముప్పయ్యేళ్ళ కాపరం. మహబూబున్నీసా. ఈ మేడకి నాను కాపలా. పైన ఎనకపక్క గదిలో ఉంతాం. పగలు పాతూళ్ళో కుర్సీలు అల్లుతాను, సీకటి పడ్డాక తోటలోంచి అడ్డంగా వొచ్చీస్తాను. సుగరుతోటి కళ్ళు పోనాయి. సూసినావు కదా, మెట్లకి గోడనేదు. అందుకే నా కర్ర సప్పుడు దూరాన ఇనబడగానే పైనించి పిలుస్తాది. ఆ గొంతు పట్టుకుని నానెక్కుతాను."

సన్యాసిరాజుకి ఊపిరి ఆడింది. ఆడింది గాని, ఇంకో ముల్లు మిగిలింది.

"మరి ఆ గొంతు... సినిమాలో గొంతు బాబాయ్ అది! మాటా సినిమాలో మాటే!"

"అదా..." గఫూర్ కర్ర గేటుకి ఆనించి, సైకిలు పక్కన గొంతుక్కూర్చున్నాడు. "గొలుసూడినాదేటి? ఇలాగియ్యి. నాకు సీకటైనా ఎలుగైనా ఒకటే." అతని వేళ్ళు పళ్ళచక్రం మీద నడిచాయి. "సినిమావోళ్ళు నెల్లాళ్ళు ఇక్కడే ఉన్నారు. ఓ రాత్రి నానొస్తంటే బీబీ పిలిసింది. ఆ డైరెట్రుబాబు కింద నిలబడి ఇన్నాడు. మర్నాడొచ్చి, ఈ మాట నాకిచ్చీమ్మా అన్నాడు. మాటే కాదు, గొంతు కూడా కావాలన్నాడు. ఆ హీరోయినుకి తెలుగు రాదంట గదా. మా బీబీ సిన్నప్పుడు వాళ్ళ నాన్న ఎంట నాటకాల్లో తిరిగిన మనిసి, అచ్చరం తప్పు పోదు. మద్రాసు తీసుకెల్లినారు. సినిమా అంతా దాని గొంతే. పేరు మాత్రం తెర మీద ఎయ్యొద్దంది. అన్నదమ్ములు కోప్పడతారని."

గొలుసు టక్కున కూర్చుంది. గఫూర్ పెడలు ఒకసారి తిప్పి చూశాడు.

సన్యాసిరాజుకి నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ తను పిచ్చిగా విన్న గొంతు తెర మీది అందగత్తెది కాదు. గుడ్డి మొగుడు మెట్ల మీంచి పడిపోతాడేమోనని కాచుక్కూర్చునే ఒక ఇల్లాలిది! ఊరంతా దాన్ని దెయ్యమంటోంది.

"బాబాయ్, ఒక మాటడుగుతాను. ఆ మెట్లెక్కుతుంటే నీకు బయమేయదేటి?"

"మెట్లు సూసినోడికి కదా బయం. పైన మనిసి ఉందని తెలుసు. ఎక్కీడమే." గఫూర్ కర్ర అందుకున్నాడు. "ఏం బేటా? నువ్వెక్కడికైనా ఎక్కాలా?"

సన్యాసిరాజు సైకిలెక్కుతూ, "పిన్నికి నా సలాం సెప్పు బాబాయ్. తెలీక బయపడిపోనాను," అన్నాడు.

"సెప్పక్కర్లేదు," అన్నాడు గఫూర్. "పైనించి ఇంటంది."

రీళ్ళు వేళకి అందాయి. డేరా నిలిచింది. ఆ రాత్రి సన్యాసిరాజు డేరా వెనక బెంచీ మీద పడుకున్నాడే గాని నిద్రపోలేదు. తెల్లవారగానే బయల్దేరి, ఇసకకాళ్ళతోనే శ్రీరామ్మూర్తిగారి ఇంటి ముందు దిగాడు. ఆయన అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాడు.

"ఏటిరా? రీళ్ళు అందినాయా?"

"అందినాయి బాబూ. నానొచ్చింది అందుకు కాదు." గుమ్మంలో గౌరీశ్వరి కనిపించింది. ఇంక అతను ఆగలేదు. "గౌరిని నాకిచ్చి సెయ్యండి. అనకాపల్లోళ్ళని రావొద్దని సెప్పండి. నాకిప్పుడేటీ నేదు, నిజవే. ప్లాంటులో పనొస్తాది. రాకపోనా, రెక్కలున్నాయి."

శ్రీరామ్మూర్తిగారి నోట్లో వేపపుల్ల అలాగే ఉండిపోయింది. కాసేపటికి ఉమ్మి, నోరు కడుక్కుని, కూతురి వైపు తిరిగాడు.

"వీడేనేటి?"

"వీడే," అంది గౌరీశ్వరి.

"ఇన్నాళ్ళూ నోరు నేదనుకున్నాను వీడికి." తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "సరేలే. నిన్న రాత్రి బీచి బాటన ఎల్లినావా, సుట్టూ తిరిగినావా? నిజం సెప్పు."

"బీచి బాటనే ఎల్లినాను."

"ఊఁ." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ప్లాంటులో పనొచ్చిందాకా ఆగుతాను. ఏడాది. ఆ తరవాత అడక్కు. అనకాపల్లోళ్ళకి ఏదో సెప్తాను."

ఆయన లోపలికి వెళ్ళిపోయాక గౌరీశ్వరి దగ్గరికొచ్చి, "నిన్న సాయంత్రానికీ ఇప్పటికీ ఏటయినాది నీకు?" అంది. సన్యాసిరాజు తెల్లమేడ సంగతంతా చెప్పాడు. గౌరీశ్వరి కళ్ళు పెద్దవి చేసుకుని వింది. ఆ గొంతుగల మనిషిని తను చూసి తీరాలంది. ఊరికే వెళ్ళకూడదు, తీపి పట్టుకెళ్ళాలంది.

కొన్నాళ్ళకి కుదిరింది. ఈలోగా బీచి బాటన ఎదురైనప్పుడు గౌరి సంగతి గఫూర్ చెవిన వేశాడు సన్యాసిరాజు. సంపత్ వినాయకుడి గుడికని ఇంట్లో చెప్పి వచ్చింది గౌరీశ్వరి. కాజాల పొట్లం ఒళ్ళో పెట్టుకుని సైకిలు వెనక కూర్చుంది. వాళ్ళు తెల్లమేడ చేరేసరికి పొద్దు కొండల వెనక్కి దిగిపోయింది. ఆకాశంలో ఇంకా కొంచెం వెలుగుంది. కెరటాలు నల్లబడుతున్నాయి.

"బాబాయ్ ఇంకా రానట్టుంది," అన్నాడు సన్యాసిరాజు.

"పిన్ని ఉంటాది కదా. నాను పైకెల్లి పలకరిస్తాను. నువ్వు సైకిలెట్టుకుని రా."

పొట్లం అతని చేతిలో పెట్టి, గౌరీశ్వరి మెట్లెక్కి గుమ్మంలోకి వెళ్ళిపోయింది.

సన్యాసిరాజు సైకిలు గోడకి ఆనించాడు. పైనుంచి మాటలు వినిపిస్తాయేమోనని చూశాడు. కొత్తవాళ్ళు కనిపిస్తే గౌరీశ్వరి నోరు ఊరుకోదు. ఇద్దరాడవాళ్ళు కలిస్తే ఈపాటికి నవ్వులు వినిపించాలి.

ఏమీ లేదు... గాలి చప్పుడు తప్ప.

"గౌరీ?"

పలుకు లేదు. మెట్టు మీద కాలు పెట్టాడు —

దడదడా దిగివచ్చింది గౌరీశ్వరి. వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది.

"పైన ఎవరూ లేరు."

"వొంటింట్లో ఉంతాది."

"వొంటింట్లోనూ సూసినాను. తలుపు ఊరికే చేరేసుంది. లోపల..." గొంతు తగ్గించింది. "ఒక చాప. ఒక కంచం. ఒక గళాసు. దండెం మీద రెండు లుంగీలున్నాయి. చీర లేదు. దువ్వెన లేదు, అద్దం లేదు. ఆడమనిసి మసిలే ఇల్లు కాదది."

"ఎక్కడికైనా ఎల్లిందేమో..."

"ఎక్కడికెల్తాది? ఉన్నవి ఈ మెట్లే కదా?"

ఇద్దరూ పైకి చూశారు. మెట్ల పైన గుమ్మం నల్లగా తెరుచుకుని ఉంది.

టక్... టక్...

తోటలోంచి కర్ర చప్పుడు. గఫూర్ వస్తున్నాడు. గేటు తోసుకుని, రోజూ వచ్చే దారే కాబట్టి తడుముకోకుండా, వీళ్ళిద్దరి పక్కనుంచే వచ్చి మొదటి మెట్టు మీద కాలు వేశాడు. సన్యాసిరాజు పలకరించాలనుకున్నాడు. నోరు తెరిచాడు.

పైనుంచి గొంతు వినిపించింది.

"ఆగండి."

గౌరీశ్వరి గోళ్ళు అతని చేతిలో దిగబడ్డాయి. గుమ్మంలో మనిషి లేదు. ఇద్దరూ అటే చూస్తున్నారు. లేదు!

"నాలుగో మెట్టు మీద చెప్పులున్నాయి. కాలికి తగుల్తాయి. పాపం, ఆ పిల్ల హడలిపోయి, అక్కడే వదిలేసి పరుగెత్తింది..."

గౌరీశ్వరి తల వంచి తన కాళ్ళు చూసుకుంది.

ఉత్త కాళ్ళు.

గఫూర్ మూడో మెట్టు మీద ఆగి, వంగి, చేత్తో తడిమాడు. రెండు చెప్పులూ తీసి, వెనక్కి తిరిగి గాల్లోకి చాపాడు. "తీసుకో అమ్మా. నువ్వేనా గౌరివి?"

గౌరీశ్వరి కదల్లేదు. సన్యాసిరాజే అందుకున్నాడు. అందుకుంటూ, గుసగుసగా అడిగాడు.

"బాబాయ్... పిన్ని..."

"మట్టి సేసీసి రెండేళ్ళయినాది బేటా." గఫూర్ చాలా మామూలుగా చెప్పాడు. "రంజాను నెలలో పోనాది. నా సేతుల మీదే పోనాది."

"మరి... నీకు బయం..."

"దానికే బయం, నాకు కాదు. నానెక్కడ పడిపోతానోనని."

మిగిలిన కాస్త వెలుగూ సముద్రం మీంచి పోయింది. ఊళ్ళో అందరిలాగే, పారిపోవడానికి అదే సమయం. సన్యాసిరాజు కాళ్ళు గేటు వైపు తిరిగాయి కూడా.

గౌరీశ్వరి మాత్రం అతని చేతిలోంచి కాజాల పొట్లం తీసుకుంది. ఉత్త కాళ్ళతో మూడు మెట్లెక్కి, ముసలాయన చేతిలో పెట్టింది.

"ఇద్దరూ తినండి బాబాయ్."

గఫూర్ పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. మొహం విప్పారింది. గోడవారగా ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి కేకేశాడు.

"బీబీ! కాజాలంట!"

పైన, చీకట్లో... ఎవరో నవ్వారు.